సెస్సు మాది, పుస్తకం ఎవరిది?

గ్రంథాలయాల గురించి తెలుగులో వచ్చే వ్యాసాలకు ఒక అచ్చు తయారైపోయింది. ముందు అయ్యంకి వెంకటరమణయ్యను, గాడిచర్ల హరిసర్వోత్తమరావును తలచుకుంటారు. తర్వాత పాతూరి నాగభూషణం పడవ మీద తిప్పిన గ్రంథాలయం గురించి నాలుగు ముక్కలు రాస్తారు. ఆ పైన టీవీ వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది, చదివే అలవాటు పోయిందని నిట్టూరుస్తారు. మళ్లీ ఆ స్వర్ణయుగం రావాలని ముగిస్తారు. ఈ అచ్చులో రెండు ప్రశ్నలకు చోటుండదు. గ్రంథాలయం డబ్బు ఎక్కడికి పోయింది? ఆ స్వర్ణయుగంలో పుస్తకం ఊళ్లో ఏ వీధి దాకా వచ్చింది? ఈ రెండింటినీ కలిపి అడిగితే తప్ప ఇవాళ గ్రంథాలయాలకు, ఆర్కైవ్స్‌కు జరుగుతున్న కోత అసలు రూపం తెలియదన్నది మా వాదన.

ముందు డబ్బు సంగతి. ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. ఆ రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయినా ఇద్దరికీ అదే ఆధారం. దాని ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పంచాయతీ, మునిసిపాలిటీ, కార్పొరేషన్ ఈ సెస్సును పన్నుతో కలిపి వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చెయ్యాలి. సిబ్బంది జీతాలు ప్రధానంగా ప్రభుత్వ గ్రాంటు మీద నడుస్తాయి. పుస్తకం, పత్రిక, అద్దె, కరెంటు, భవనం మాత్రం సెస్సు మీద ఆధారపడ్డవి.

ఈ 8 పైసలు ఎవరిస్తున్నారు? కాలనీలో పక్కా ఇల్లు కట్టుకున్న మాదిగ కుటుంబం పంచాయతీకి ఇంటి పన్ను కడితే అందులో సెస్సు ఉంది. బస్తీలో ఒక గది అద్దెకు తీసుకున్న మాల కూలీ కట్టే అద్దెలోనూ ఇంటి యజమాని ఆ పన్ను కలిపే ఉంటాడు. అంటే పౌర గ్రంథాలయం ఎవడి దయా కాదు, ఉచితమూ కాదు. ముందే డబ్బు కట్టేసిన సరుకు.

ఆ సరుకు చేతికి రాదు. స్థానిక సంస్థలు సెస్సును వసూలైతే చేస్తున్నాయి గానీ, జమ చెయ్యడం దగ్గర ఆగిపోతున్నాయి. వాటి ఇబ్బందులు వాటికున్నాయి: పై నుంచి రావాల్సిన గ్రాంట్లు రావు, పారిశుధ్య కార్మికుల జీతాలు, వీధి దీపాల బిల్లులు మీద పడతాయి. చేతిలో ఉన్న డబ్బు అటు పోతుంది. హైదరాబాదు నగర పాలక సంస్థ గ్రంథాలయ సంస్థకు కోట్ల రూపాయలు బాకీ పడ్డ సంగతి ఏళ్ల తరబడి పత్రికల్లో వస్తూనే ఉంది. గమనించాల్సింది ఏమంటే, ఈ కోత బడ్జెటు పుస్తకంలో కోతగా కనిపించదు. అసెంబ్లీలో ఎవరూ దీన్ని ప్రతిపాదించలేదు, ఎవరూ ఓటెయ్యలేదు. ప్రతిపాదించిన కోతనైతే వ్యతిరేకించొచ్చు. చడీచప్పుడు లేకుండా ఆగిపోయిన జమను ఎవరు వ్యతిరేకిస్తారు?

రెండో కోత పోస్టుల్లో జరిగింది. 1991 తర్వాత ప్రభుత్వ ఖర్చు తగ్గించడమే పరిపాలన అన్న సూత్రం వచ్చింది. మన రాష్ట్రంలో 1994లో నియామకాలను నియంత్రించే 2వ నంబరు చట్టం తెచ్చారు. 1998లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ఆర్థిక పునర్నిర్మాణ పథకం మొదలైంది. ఆ దారిలో లైబ్రేరియన్ రిటైరైతే కుర్చీ ఖాళీ. ఒకే మనిషికి రెండు మూడు శాఖలు అప్పజెబుతారు. ఆయన ఇక్కడ తాళం తీసిన రోజు అక్కడ తాళం పడుతుంది. పల్లెలోని పుస్తక నిక్షిప్త కేంద్రం పేరు కాగితం మీద మిగులుతుంది. ఖాళీ పోస్టు మిగిలిన పోస్టుల్లాంటిది కాదా అంటారు. రిజర్వేషన్ ఉన్నచోట పోస్టు పోవడమంటే రోస్టరులో మా పిల్లల పాయింటు పోవడం కూడా. పుస్తకమూ పోయింది, పుస్తకం అందించే ఉద్యోగమూ పోయింది.

ఇదందరికీ జరిగిన నష్టమే గదా, మధ్యలో కులం ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. ఇంట్లో చదువుకునే గది ఉన్నవాడు, పొద్దున్నే గుమ్మంలో పేపరు పడేవాడు, తాత ముత్తాతల బీరువా ఉన్నవాడు గ్రంథాలయం మూతపడితే బాధపడతాడు. ఒకే గదిలో వంటా పడకా అయిన ఇంటి పిల్లకు మాత్రం ఫ్యాను, లైటు, కుర్చీ, నిశ్శబ్దం, మరుగుదొడ్డి అన్నీ ఒకేసారి పోతాయి. ఆమెకు గ్రంథాలయం చదువుకి అదనంగా దొరికిన సౌకర్యం కాదు, చదువుకోవడానికి ఉన్న ఒకే ఒక చోటు. ఒకే కోత రెండిళ్లలో రెండు రకాలుగా తెగుతుంది.

హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయాన్ని చూసి కొందరు ముక్కు విరుస్తారు. ఉద్యోగ పరీక్షల కుర్రాళ్లు సొంత పుస్తకాలు తెచ్చుకుని ఆక్రమించుకున్నారట, సాహిత్య పాఠకుడికి చోటు లేదట. జిల్లాల నుంచి వచ్చి అద్దె గదుల్లో ఇరుక్కున్న నిరుద్యోగి, వాళ్లలో దళిత బహుజన యువకులెందరో, పాఠకుడి కింద లెక్కకు రారా? సొంత పుస్తకాలు ఎందుకు తెచ్చుకుంటున్నారని ఎవరూ అడగరు. కావలసిన పుస్తకం, కావలసిన ఏడాది ముద్రణ, కావలసినన్ని ప్రతులు కొనడానికి డబ్బు రాలేదు గనక. కోత గ్రంథాలయాన్ని కుర్చీల హాలుగా మార్చింది. మార్చినవాణ్ని వదిలేసి కుర్చీలో కూర్చున్నవాణ్ని తిట్టడం అగ్రకుల విమర్శకు అలవాటే.

ఇప్పుడు స్వర్ణయుగం దగ్గరికొద్దాం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. వీటి కృషిని మేం తక్కువ చెయ్యడం లేదు. ఇవాళ్టికీ పాత పత్రికల కోసం పరిశోధకులు వేటపాలెం వెళ్లాల్సిందే. అయితే అదే బెజవాడలో 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఇంకో సభ జరిగింది. పంచములు అన్న పేరును తోసిపుచ్చి ఆది ఆంధ్రులమని చెప్పుకున్న సభ అది. మూడేళ్ల తేడాతో ఒకే ఊళ్లో జరిగిన ఈ రెండు ఘటనలను తెలుగు చరిత్ర వేరువేరు అధ్యాయాల్లో పెట్టి, ఒకదానికి ఇంకోదాని మొహం చూపించలేదు. చూపిస్తే ఏం తెలుస్తుంది? మొదటిది చదువుకున్నవాళ్లు పుస్తకాన్ని జనం దగ్గరకు తీసుకెళ్లాలనుకున్న ఉద్యమం. రెండోది ఆ జనం లెక్కలో తామున్నామా లేదా అని అడిగిన ఉద్యమం.

తొలినాటి గ్రంథాలయాలు ఎక్కువగా దానం మీద లేచాయి. స్థలం ఒకరిచ్చారు, భవనం ఇంకొకరు కట్టించారు, పుస్తకాలు మరొకరు పంపారు. దానానికి ఒక చిరునామా ఉంటుంది. దాత ఏ వీధిలో ఉంటే గ్రంథాలయం ఆ చుట్టుపక్కలే. వాడలో రాత్రి బడి నడిపిన కార్యకర్తలు లేరని మేం అనం. కానీ వాడ దాకా పుస్తకం రావడం వాళ్ల మంచితనం మీద ఆధారపడి ఉండేది. గ్రంథాలయ చట్టాలు చేసిన అసలు పని ఇదీ: దానాన్ని పన్నుగా మార్చాయి. పన్ను కట్టినవాడు అడుక్కోనక్కర్లేదు, లెక్క అడగొచ్చు. కాబట్టి మాకు ఆ స్వర్ణయుగం కంటే రూపాయికి 8 పైసలు చెప్పిన ఆ పొడి సెక్షనే గొప్పది. సెస్సు ఆపెయ్యడమంటే హక్కును మళ్లీ దానం కిందకు దించడమే. పుస్తకాలు దానం చెయ్యండి, దాతలు ముందుకు రండి, కంపెనీలు దత్తత తీసుకోండి అన్న పిలుపులు మళ్లీ ఊరికే వినపడటం లేదు.

దానం బీరువాలో ఏ పుస్తకం చేరుతుందన్నది తర్వాతి ప్రశ్న. భాగ్యరెడ్డి వర్మ 1931లో మొదలుపెట్టిన భాగ్యనగర్ పత్రిక గానీ, కుసుమ ధర్మన్న నడిపిన జయభేరి గానీ వరసగా సంచికలు చూడాలంటే ఎన్ని తిప్పలో ఈ పేజీల పాఠకులకు చెప్పనక్కర్లేదు. వాటిని దాచాల్సిన బాధ్యత ఎవరిది? 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం నాలుగు గ్రంథాలయాలకు చేరాలి. అవి కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీల్లో ఉన్నాయి. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. 1867 నాటి చట్టం పుస్తకాలను కూడా నమోదు చేయించేది. 2024లో దాని స్థానంలోకి వచ్చిన చట్టం పత్రికలకే పరిమితం. ఇక తెలుగు పుస్తకం తెలుగు దేశంలో బతకాలంటే జిల్లా గ్రంథాలయాలు కొనడం ముఖ్యమైన దారి. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చిన దగ్గర్నుంచీ దళిత కవిత్వం, కథ, కరపత్రం ఎక్కువగా సొంత ఖర్చుతో, కొద్ది ప్రతులతో అచ్చవుతున్నవే. కొనుగోలు డబ్బు తగ్గినప్పుడు మొదట జాబితా నుంచి జారిపోయేది ఇట్లాంటి పుస్తకమే. పెద్ద ప్రచురణకర్త తట్టుకుంటాడు. అచ్చుకి అప్పు చేసిన కవి తట్టుకోలేడు.

ఆర్కైవ్స్ దగ్గరికి వస్తే వ్యవహారం ఇంకా కఠినం. అక్కడ ఉన్నది సాహిత్యం మాత్రమే కాదు, భూమి. మా పూర్వీకులు కాగితాల్లో ఎక్కువగా కనిపించేది వెట్టివాళ్లుగా, నీరటివాళ్లుగా, సేత్‌సింధీలుగా. ఆ చాకిరీకి బదులుగా ఇచ్చిన ఇనాం భూములు ఎవరివో చెప్పేది ఆంధ్రలో ఇనాం ఫెయిర్ రిజిస్టరు, తెలంగాణలో సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. అసైన్డు భూముల బదిలీని నిషేధించిన 1977 చట్టం కింద పోయిన భూమిని వెనక్కి అడగాలన్నా, పాత రికార్డే సాక్షి. సాక్షి చెదలు పట్టితే కేసు ఏమవుతుంది? తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌తో మొదలుపెట్టి తాసిల్దారు ఆఫీసు రికార్డు గది దాకా ఇదే బెడద. ఫారసీ, ఉర్దూ, మోడీ లిపి చదవగల ఉద్యోగి రిటైరైనప్పుడు ఆ పోస్టు నింపకపోతే కాగితం ఉండీ లేనట్టే. చినిగిన పేజీ ఎవరికి లాభమో ఊళ్లో అడిగితే చిన్నపిల్లాడు కూడా చెబుతాడు.

అన్నీ కంప్యూటర్లో పెట్టేస్తున్నాం, ఇంకా ఈ పాత గదులెందుకు అన్నది ప్రభుత్వాల జవాబు. 2020లో తెలంగాణలో ధరణి వచ్చినప్పుడు పహాణీలోని అనుభవదారు గడిని తీసేశారు. పట్టా పేరు మిగిలింది, దున్నేవాడి పేరు పోయింది. 2025లో ఆ చట్టం స్థానంలో భూభారతి వచ్చింది. మధ్య కాలంలో దున్నినవాడు తన అనుభవాన్ని రుజువు చేసుకోవడానికి పాత కాగితమే పట్టుకు తిరగాల్సి వచ్చింది. పుస్తకాల సంగతీ అంతే. 2000 తర్వాత డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, మంచిదే. కానీ స్కానరు బీరువాలో ఉన్నదాన్నే చూస్తుంది. బీరువాలోకి రానివ్వని పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కణ్నుంచి వస్తుంది?

డబ్బు లేదంటారా? 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం లేచింది. 2024 జనవరిలో విజయవాడలో అంతకంటే ఎత్తున ఇంకొకటి లేచింది. విగ్రహాలను మేం కాదనం. వాడవాడలో అంబేడ్కర్ విగ్రహం నిలబెట్టుకోవడం కోసం మా జనం దెబ్బలు తిన్నారు. కానీ ఆ విగ్రహం చేతిలో ఉన్నది పుస్తకం. విగ్రహానికి కోట్లు దొరికి, ఆ చేతిలోని పుస్తకానికి దొరక్కపోవడం లేమి కాదు, ఎంపిక. మహారాష్ట్రలోనూ ఇదే చూశాం. అంబేడ్కర్ రచనల సంపుటాలను 1979 నుంచి ప్రచురిస్తున్న ప్రభుత్వమే వాటి ముద్రణను మూలన పడేస్తే, 2021లో బొంబాయి హైకోర్టు తనంతట తాను విచారణకు తీసుకోవాల్సి వచ్చింది. బాబాసాహెబ్ బొమ్మకు భయపడని ప్రభుత్వం ఆయన వాక్యానికి భయపడుతోందా అన్న అనుమానం రాక మానదు.

కాబట్టి గ్రంథాలయాలను మళ్లీ పాత వైభవానికి తేవాలన్న కోరికతో మేం గొంతు కలపలేం. ఆ వైభవంలో మాకు చోటు తక్కువ. మేం అడిగేది వేరు. పన్నుతో పాటే సెస్సు నేరుగా గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడాలి. ఏ స్థానిక సంస్థ ఎంత బాకీ ఉందో ప్రతి శాఖ గోడ మీద రాయాలి. పోస్టులు రోస్టరు ప్రకారం నింపాలి. కొనుగోళ్లలో చిన్న ప్రచురణలకు, దళిత బహుజన రచనలకు వాటా ఉండాలి. కొత్త శాఖ పెడితే వాడలో పెట్టాలి, ఊరివాళ్లు అక్కడికి నడిచి రావచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి తెలుగు పుస్తకం దాచే గ్రంథాలయం ఒక్కొక్కటి చట్టంతో ఏర్పడాలి. భూమి రికార్డు నకలు పేదలకు రుసుం లేకుండా దొరకాలి.

ఇవేవీ జరిగేదాకా చెయ్యగల పని ఒకటుంది. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు అందులో గ్రంథాలయ సెస్సు ఎంతో అడిగి రాసుకోండి. ఆ రశీదు పట్టుకుని నలుగురు కలిసి మీ శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. ఈ ఏడాది కొన్న పుస్తకాల రిజిస్టరు చూపించమనండి. అక్కడి లైబ్రేరియన్ మీద కోప్పడకండి, ఆయన చేతిలోనూ ఏమీ లేదు. రిజిస్టరు ఖాళీగా ఉంటే అదే రశీదుతో పంచాయతీ ఆఫీసుకో, మునిసిపల్ ఆఫీసుకో నడవండి.