పెరట్లో సొరపాదు

విదర్భలోని చంద్రపూర్, బల్లార్‌పూర్ బొగ్గుగని కాలనీల్లో తెలుగువాళ్ల పెరళ్లు చూసి తీరాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటి నిప్పులు చెరిగే ఊళ్లివి. అయినా తొలకరి పడితే చాలు, ఇంటివెనక జానెడు జాగా పచ్చబడుతుంది. నల్లరేగడి తడిస్తే బంక, ఎండితే బీటలు. అందుకే ముందు మాగిన పెంట, ఇసుక కలిపి గుల్ల చేస్తారు. రాత్రంతా నానిన సొరగింజను వేలికణుపు లోతున గుచ్చుతారు. తీగ పందిరెక్కాక మొదలవుతుంది అసలు పనితనం. సొరపువ్వు పొద్దువాలాక విచ్చుతుంది. ఇల్లాలు మగపువ్వు తుంచి, తెల్లటి రేకులు వెనక్కి విరిచి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వు నడుమ పుప్పొడి అద్దుతుంది. పురుగులు చేయాల్సిన పని, ఆమె చేతిలో క్షణాల్లో అయిపోతుంది! పిందె ఊరితే పట్టినట్టు. పసుపెక్కి రాలితే మరో పువ్వు చూసుకోవాలి. గోరు గుచ్చితే సులువుగా దిగేంత లేతగా ఉన్నప్పుడే కోసేస్తారు. ఇక వంటకు హంగులేం లేవు. కందిపప్పులో సొరముక్కలు, పచ్చిమిర్చి, కాస్త చింతపండు; పైన వెల్లుల్లి, ఎండుమిర్చి పోపు. విదర్భలో కందిపప్పుకు కొదవేముంది? చెక్కునూ పారేయరు, నువ్వులతో వేయించి పచ్చడి నూరతారు. నన్నడిగితే పప్పుకన్నా అదే రుచి. రెండో కాయ గోడమీంచి మరాఠీ పొరుగింటికి చేరుతుంది. అక్కడ దాన్ని శనగపప్పు వేసి వండుతారు.