‘ముష్టి’ అనే మాట

ముష్టి అంటే సంస్కృతంలో పిడికిలి. గుమ్మంలో నిలిచినవాడికి వేసే పిడికెడు గింజలకూ అదే పేరయింది. అంటే మొదట ఇది ఇచ్చేవాడి చేతి కొలత. క్రమంగా అది పుచ్చుకొనేవాడికి అంటుకొని తిట్టుగా మారింది. ‘ముష్టి వెధవ’, ‘ముష్టి పది రూపాయలు’ అనటం మనకు అలవాటే.

ఇదే పని ఉపనయనంలో వటువు చేస్తే భిక్ష. బ్రాహ్మణ విద్యార్థి ఇంటింటా అన్నం తెచ్చుకొంటే మధూకరం. చాచిన చేయి ఎవరిదన్న దానినిబట్టి మాట మారుతున్నది. కనుక వీటిని ఉత్త పర్యాయపదాలని నేను ఒప్పుకోను.

1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’లో ముసలి బిచ్చగత్తెపై కవితకు శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ అని పేరు పెట్టాడు. అంత సంస్కృతం ఎందుకని విద్యార్థులు అడుగుతారు. వీధి మాటలోని ఛీత్కారం ఆమెను తాకకుండా ఆ పేరు కాపాడిందని నా అభిప్రాయం.

చట్టం ఆ ఛీత్కారం పక్షమే వహించింది. 1959 నాటి బొంబాయి చట్టం, 1977 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం యాచనను నేరం చేసినాయి. బొంబాయి చట్టంలోని ముఖ్య నిబంధనలను ఢిల్లీ వరకు అక్కడి హైకోర్టు 2018లో కొట్టివేసింది.

మాటను కొట్టివేసే కోర్టు లేదు. కూలి పెంచమన్న కార్మికుడికి యజమాని విదిల్చినదానిని మన కరపత్రాలు సైతం ‘ముష్టి’ అనే అంటున్నవి. యజమానిని తిట్టబోయి బిచ్చగాణ్ణి తిడుతున్నవి.