గ్రంథకర్తయు, ప్రకాశకుడును

సూరతు నగరమునకు దక్షిణమున సచిన్ కలదు. ఒకప్పుడది సిద్దీ నవాబుల చిన్న సంస్థానము. నేడు వస్త్రపరిశ్రమలకు నెలవు. తెలంగాణము నుండి వలసపోయిన మన పద్మశాలి కుటుంబములు సూరతు ప్రాంతపు మగ్గములపై తరతరములుగా పనిచేయుచున్నవి. అచ్చట ఒక పద్ధతి కలదు: వర్తకుడు నూలిచ్చును, నేసినందుకు మీటరునకింత అని కూలి యిచ్చును. ఆ కూలి చాలకపోవచ్చును. కాని నూలు తానే కొని, నేసి, వస్త్రమును వర్తకునకప్పగించి, వట్టిచేతులతో మరలు నేతగాడు కానరాడు. అట్టి తెలుగు రచయిత మాత్రము కానవచ్చును.

ఈ కష్టము సూరతునకు క్రొత్తది కాదు. ఆధునిక గుజరాతీ సాహిత్యమునకు ఆద్యుడైన నర్మదుడు (1833–1886) ఈ నగరమువాడే. 1858లో ఉపాధ్యాయవృత్తి విడిచి కలమునే నమ్ముకొనెను. ఏకాకిగా సంతరించిన ‘నర్మకోశము’ను 1873లో స్వంత వ్యయముతో వెలువరించెను. అప్పులపాలై, 1882లో మరల కొలువున చేరవలసివచ్చెను.

మనవారు ఇట్టి సందర్భమున పోతనను స్మరింతురు. భాగవతమును రాజునకు అంకితమీయలేదను ఐతిహ్యమును చెప్పి, ధనప్రసక్తి సరస్వతికి అపచారమందురు. పోతన నిరాకరించినది ధనమును మాత్రమే కాదు. తన కృతిని పరాధీనము చేయుటను. నేటి రచయిత ధనమడుగుటకు సిగ్గుపడి, కృతిని మాత్రము నోటిమాటతో ధారపోయుచున్నాడు. ఇది పోతన మార్గమెట్లగును?

ప్రకాశకుని దోషిగా నిలుపుట నా ఉద్దేశము కాదు. కాగితము, ముద్రణ, విక్రేతల తగ్గింపు, అమ్ముడుపోని ప్రతులు అతని భారములే. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారులను కూర్చుకొని గ్రంథములు వెలయించినది. పాఠకుని వెదకుటయు ప్రచురణలో భాగమేయని చూపినది. ముద్రణవ్యయమును రచయితయే భరించినచో ప్రకాశకునకు పాఠకుని వెదకు అక్కఱ తగ్గును. లాభము ముందే చేతికందినది గదా! అందుచేత చెడునది రచయిత సంసారమే కాదు, గ్రంథము యొక్క గతియు.

చట్టము మనలను నిస్సహాయులనుగా విడువలేదు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము ననుసరించి హక్కుల బదిలీకి వ్రాతయు, సంతకమును ఉండవలెను. 1994 సవరణము పిమ్మట, గడువు పేర్కొననిచో ఆ బదిలీ ఐదేండ్లకే పరిమితము. పొందిన హక్కును ఏడాదిలోగా వినియోగింపనిచో, ఒడంబడిక వేరుగా చెప్పనియెడల, అది రద్దగును.

పరులకు చెప్పు ముందు నా సంగతి చెప్పవలెను. నా అనువాదమొకటి వెలువడి పదేండ్లయినది. ఎన్ని ప్రతులచ్చయినవో నేనడుగలేదు, వారు చెప్పలేదు. తప్పులో సగము నాదే.

ప్రతుల సంఖ్య, పారితోషికపు పాలు, హక్కుల గడువు, ఏటేట లెక్క చూపు దినము: ఈ నాలుగింటిని వ్రాసికొనుట మైత్రికి భంగము కాదు. రచయితల సంఘములు ఇట్టి ఒడంబడిక నమూనా నొకదానిని తెలుగున సిద్ధపరచి, ప్రకాశకులతో కూర్చుండి చర్చించుట మేలు. మీటరు లెక్క అడుగుటకు నేతగాడు సిగ్గుపడడు. మనకును ఆ సిగ్గు వలదు.