నాలుగు ధారలు, ఒక బావి

భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘సిద్ధాంత శిరోమణి’లో మొదటి భాగం ‘లీలావతి’. అందులో ఒక నీటి లెక్క ఉంది. బావిలోకి నాలుగు ధారలు పడతాయి. విడివిడిగా వదిలితే మొదటిది ఒక రోజులో, రెండోది అరరోజులో, మూడోది రోజులో మూడో వంతులో, నాలుగోది ఆరో వంతులో బావిని నింపేస్తాయి. నాలుగింటినీ ఒక్కసారే వదిలితే ఎంతసేపు పడుతుంది?

ఇదంతా ఒక్క శ్లోకంలో ఇమిడింది. బావి ఎంత లోతో, ఎన్ని కడవలు పడుతుందో ఆయన చెప్పలేదు. చెప్పకపోవడంలోనే పనితనం ఉంది. కొలత తెలియదు గనుక బావినే ‘ఒకటి’ అనుకోవాలి. అలా అనుకున్నాక దారి తేలిక. రోజంతా పారితే మొదటి ధార ఒక బావి నింపుతుంది, రెండోది రెండు, మూడోది మూడు, నాలుగోది ఆరు. మొత్తం పన్నెండు బావులు. ఒక్క బావికి రోజులో పన్నెండో వంతు చాలు. రోజుకు 60 ఘడియలు కాబట్టి సరిగ్గా 5 ఘడియలు, మన గడియారంలో 2 గంటలు.

నన్ను కట్టిపడేసేది ఆ అంకెల ఎంపిక: 1, 2, 3, 6. మొదటి మూడూ కలిస్తే ఆరు. అంటే మూడు ధారలు కలిసి తెచ్చే నీళ్లను నాలుగోది ఒక్కటే తెస్తుంది. బావి నిండేసరికి అందులో సగం దానిదే.

తొందరపడి కాలాలను కూడేసిన పిల్లవాడికి రెండు రోజులని వస్తుంది. నాలుగో ధార ఒక్కటే 10 ఘడియల్లో నింపగలిగినప్పుడు, తోడు మరో మూడు వస్తే ఆలస్యమెలా అవుతుంది? తప్పు తనంతట తానే బయటపడుతుంది. ఇలా కట్టిన లెక్కలు అరుదు.

భాస్కరుడు చదివేవాణ్ని మిత్రుడిగా సంబోధించి, త్వరగా చెప్పమంటాడు. నోటిలెక్కకు అందే అంకెలిచ్చాడు కాబట్టి ఆ తొందర న్యాయమే. ఇప్పటి కుళాయిలు, తొట్ల లెక్కలు చాలావాటిలో అంకెలు ఎలా పడితే అలా ఉంటాయి. పిల్లల ఓపికంతా క.సా.గు. కట్టడానికే సరిపోతుంది, నీళ్ల సంగతి మరుగున పడుతుంది.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ నా విన్నపం: ఈ లెక్కను కాగితం ఇవ్వకుండా నోటితోనే అడగండి. తప్పు చెబితే వెంటనే దిద్దకండి. నాలుగో ధార ఒక్కటే ఎంతసేపట్లో నింపుతుందో అడిగి, కాసేపు ఆగండి.