అవ్వ పోసిన చేపల నీళ్లు

ఈ వారం ఒక సీసా నాకు ఒళ్లు మండించింది. మా తమ్ముడి మిరప చేనుకు మందు కోసం ఎరువుల అంగడికి పోతే, అంగడాయన దాన్ని చేతిలో పెట్టి, "కైటోసాన్ సార్, రొయ్యల తొక్కతో చేసింది. ఆకుముడుత దగ్గరికి రాదు" అన్నాడు. కోస్తాలో ఒలిచి పారేసిన తొక్కను గుంతకల్లు రైతుకు డబ్బులకు అమ్ముతారా? వేరుశనగ బుడ్డల పొట్టును ఇటుక బట్టీల్లో తగలేస్తున్నామని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. మన పొట్టేమో బూడిద, వాళ్ల తొక్కేమో మందు!

ఆ కోపంతో ఇల్లు చేరేసరికి, చేపల చెత్తను చెట్టుకు వేసే మా అవ్వ గుర్తొచ్చింది. మా ఊరికి సముద్రం లేదు గానీ రైలుంది. అటు గోవా, ఇటు బందరు, రెండు తీరాల పట్టాలూ మీటర్‌గేజ్ కాలం నుంచే ఇక్కడ కలుస్తాయి. గంపల్లో ఎండుచేపలు దిగితే ప్లాట్‌ఫారమంతా తెలిసిపోయేది. అవ్వ వాటిని మూడుసార్లు కడిగేది. మొదటి నీళ్లు ఉప్పు కషాయం, వీధిలోకే. తర్వాతి రెండూ కరివేపాకు చెట్టుకు. తలకాయలు, తోకలు దాని మొదట్లోనే గుంత తీసి పూడ్చి, కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప కప్పేది. బిందె నీళ్లకు కొట్లాడుకునే ఆ వీధిలో ఆ చెట్టొక్కటే నిగనిగలాడేది. ఆమెకు ఎరువు సంగతి తెలుసో లేదో గానీ, ఆ రెండు కడుగు నీళ్లూ పారబోయడానికి మాత్రం చెయ్యి ఆడేది కాదు.

"మన అవ్వలకు అన్నీ తెలుసు" అని ముగించేద్దామని కూర్చున్నా. కలం ముందుకు పోలేదు. అవ్వవి గుప్పెడు తలకాయలు. 2009లో వనామి రకం రొయ్యల పెంపకానికి అనుమతి వచ్చాక భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లలో పోగుపడేది లారీల లెక్క. రొయ్య బరువులో తలా తొక్కా కలిపితేనే సగానికి దగ్గర. ఒక్క పూట ఎండ తగిలితే కుళ్లు కంపు. దాన్నంతా ఏ కరివేపాకు చెట్టు మోస్తుంది?

అంత తొక్కకు కార్ఖానాయే దారి. అక్కడ తొక్కలోని సున్నాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, మాంసకృత్తుల్ని కాస్టిక్ సోడాతో తీసేస్తే మిగిలేది కైటిన్. దాన్ని మరింత గాఢమైన కాస్టిక్‌లో ఉడికిస్తే కైటోసాన్. నెత్తురు ఆపే గాయం పట్టీలూ దీనితో చేస్తారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. చేలో దీని పని తమాషాగా ఉంటుంది. తెగుళ్లు తెచ్చే బూజు ఒంట్లోనూ కైటిన్ ఉంటుంది కాబట్టి, కైటోసాన్ తగలగానే మొక్క బూజు పట్టిందని భ్రమపడి ముందే కాపలాకు సిద్ధమవుతుంది. మోసమే, కాకపోతే మొక్కకు మేలు చేసే మోసం.

మర్నాడు పోయి ఆ సీసా కొన్నాను. ఆకుముడుతకు మాత్రం కాదు, అది పురుగులు, నల్లుల పని అని అంగడాయనకు చెప్పే వచ్చాను. మీరూ కొనేముందు సీసా తిప్పి కైటోసాన్ ఎంత శాతమో చూడండి. రాసి లేకపోతే అక్కడే పెట్టేసి రండి.