నగలు తోమే చేతులు

ఏటా సంక్రాంతికి వారం ముందు ఒక మధ్యాహ్నం మా అమ్మ పడకగది తలుపు వేసుకుంటుంది. ముందురోజు రాత్రే గింజలు తీసి నానబెట్టిన కుంకుడుకాయలు పిసికి, పాత నూలుచీర ముక్కలో వడకట్టి, ఆ రసంలో గోరువెచ్చటి నీళ్లు కలుపుతుంది. నేలమీద తెల్ల తువ్వాలు పరుస్తుంది, రాయి ఊడి పడితే కనబడాలని. నగలు ఎప్పుడూ సింకులో కడగదు. కడిగిన నీళ్లు కూడా టీ వడపోసే జాలీలో పోసి చూశాకే పారబోస్తుంది. గులాబీ రంగు కాగితాల్లోంచి ఒక్కొక్కటీ తీసి, అరిగిన మెత్తటి బ్రష్షుతో తోముతుంది.

పోయినసారి నేనూ పక్కన కూర్చున్నాను. నా పరిశోధనలో ఒక అధ్యాయం మొత్తం కథల్లో స్త్రీలూ నగలూ గురించే. నగని మోజుగా, హోదాగా, సంకెలగా, తాకట్టు వస్తువుగా రకరకాలుగా విశ్లేషించాను. అదంతా అమ్మకి చెబుతుంటే విని, "నీ పుస్తకంలో పెట్టుకోవడం ఉంది, పోగొట్టుకోవడం ఉంది. తోమడం ఎక్కడా లేదేమే?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆ అధ్యాయాన్ని మళ్లీ చదువుకోవడమే ఈ వ్యాసం.

తోమడం గురించి అసలు ఎవరూ రాయలేదని కాదు. స్త్రీల పత్రికల చిట్కాల శీర్షికలో ఉంది. కానీ సాహిత్య విద్యార్థులం ఆ పేజీ తిప్పేస్తాం. దాన్ని కూడా ఒక ప్రక్రియగా చదివితే ఆశ్చర్యం వేస్తుంది. అందులో అన్నీ ఆజ్ఞలే, "రుద్దండి, కడగండి, ఆరబెట్టండి" అని. ఎందుకో చెప్పరు. ఆ పని చేసే మనిషికి కారణం అక్కర్లేదనే నమ్మకం ఆ వాక్యనిర్మాణంలోనే ఉంది. పైగా తప్పులు. టూత్‌పేస్టుతో తోమమని ఎన్నిసార్లు చదివానో! పేస్టులో ఉండేది సన్నటి రాపిడి పొడి, బంగారమేమో మెత్తటి లోహం. మెరుపు వచ్చిందనుకునే చోట సన్నగీతలు పడతాయి. నిమ్మరసం వేస్తే అన్నీ తళతళలాడతాయట. ముత్యం మీద మెరిసే పొర కాల్షియం కార్బొనేటు. పులుపు తగిలితే ఆ పొరే కరుగుతుంది. అమ్మకి ఆ రసాయనం పేరు తెలియదు. కానీ ముత్యాల దండని కుంకుడు నీళ్లలో కూడా నానబెట్టదు. తడిగుడ్డతో అద్ది, దారం తడిస్తే సాగుతుంది కాబట్టి పరిచి ఆరబెడుతుంది. పచ్చల మీద వేడినీళ్లు పోయదు. పగుళ్లు కనబడకుండా పచ్చలకి నూనె పట్టిస్తారు, వేడికి అది పోతుంది. లోపల లక్క నింపిన పాత నగల్నీ, రాయి కింద రేకు పెట్టి పొదిగిన కుందన్ పనినీ నీళ్లలో ముంచదు. వజ్రాల దుద్దులకి మాత్రం తరచూ స్నానం కావాలంటుంది. నిజమే, వజ్రానికి జిడ్డు ఇట్టే అంటుకుంటుంది, వెనకవైపు జిడ్డు పేరుకుంటే వెలుగు చచ్చిపోతుంది.

బంగారం నల్లబడదని మనం చదువుకున్నాం. నూటికి నూరు పాళ్ల బంగారం సంగతి అది. ఇళ్లలో ఉండే 22 క్యారెట్ల నగలో బంగారం 91.6 శాతం, మిగతాది రాగి, వెండి లాంటివి. మాసేది ఆ మిగతా భాగమే. దాని మీద మన చెమట, నూనె, సబ్బు, గంధం, పసుపు. అమ్మ పుస్తెల గుంటల్లో పసుపు గట్టిపడి ఉంటుంది. వాటిని ఆమె మెడలోంచి తియ్యదు. అద్దం ముందు గడ్డం పైకెత్తి, ఎడమచేత్తో పుస్తెలు పట్టుకుని, కుడిచేత్తో గుండుసూదితో పసుపు తవ్వి, బ్రష్షుతో తోముతుంది. నీళ్లు జాకెట్టులోకి కారుతుంటాయి. శుభ్రం చెయ్యడానికి కూడా తీసి పక్కన పెట్టలేని వస్తువు అదొక్కటే. ఈ దృశ్యం నేను ఏ కథలోనూ చదవలేదు.

మొపాసా రాసిన "నెక్లెస్" (1884) కథ మనలో చాలామందికి కాలేజీ పాఠం. మెటిల్డా ఒక్క రాత్రి విందు కోసం స్నేహితురాలి దగ్గర వజ్రాల హారం అరువు తెచ్చుకుని పోగొట్టుకుంటుంది. భార్యాభర్తలు 36,000 ఫ్రాంకులకి అలాంటిదే కొని తిరిగిస్తారు. ఆ అప్పు తీర్చడానికి పదేళ్లు పడుతుంది. చివర్లో తెలుస్తుంది, పోయినది నకిలీదనీ, మహా అయితే 500 ఫ్రాంకులు చేస్తుందనీ. నా సిద్ధాంతవ్యాసంలో దీన్ని స్త్రీ దురాశకి మగ రచయిత వేసిన శిక్షగా చదివాను. ఆ చదువు తప్పని ఇప్పుడూ అనను. కానీ అమ్మ పక్కన కూర్చున్నాక కథలో ఇంకోటి కనబడింది. ఆ పదేళ్లలో మెటిల్డా అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, నీళ్లు మోయడం మొపాసా వివరంగా రాస్తాడు. ఆమె గోళ్లు ఎలా పాడయ్యాయో కూడా చెబుతాడు. హారాన్ని మాత్రం ఎవరూ కడగరు. మెటిల్డా దాన్ని మెడలో చూసుకుందేగాని చేతిలో తూచలేదు. తిరిగిచ్చినప్పుడు స్నేహితురాలు పెట్టె మూత కూడా తియ్యదు. నకిలీ స్థానంలో అసలు వజ్రాలొచ్చి కూర్చుంటే పదేళ్లపాటు ఆ ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు! వజ్రం మీద నోటితో ఊదితే ఆవిరి క్షణంలో మాయమవుతుంది, గాజు మీదైతే కాసేపు నిలుస్తుంది. వేళ్లకి తగిలే చల్లదనం వేరు. ఏడాదికోసారి ఆ హారాన్ని గిన్నెలో వేసి తోమే మనిషి కథలో ఉండి ఉంటే ఆ ముగింపే సాధ్యం కాదు. నగ కళ్లతో చూసేదే తప్ప చేతులతో తెలుసుకునేది కాదన్న ఊహ మీద ఆ కథ నిలబడింది.

ఇది అమ్మతో అన్నాను. ఆమె చేతిలో ఉన్న గాజు తువ్వాలు మీద పెట్టి, అంతవరకూ నాకు చెప్పని సంగతి చెప్పింది.

మా అమ్మమ్మది గుడివాడ దగ్గర పల్లె. పుట్టింటివారు పెట్టిన గాజులు నాలుగు ఉండేవి. 1960ల్లో ఒకసారి తాతయ్య వాటిని బందరులో మెరుగు పెట్టించుకొస్తానని తీసుకెళ్లాడు. నాలుగూ తిరిగొచ్చాయి, తళతళలాడుతూ. వేసుకోగానే ఏదో తేడా అనిపించిందట అమ్మమ్మకి. పండక్కి కుంకుడు నీళ్లలో వేసినప్పుడు తేలిపోయింది. రెండు ఎప్పటివే. రెండు తేలిక, గిన్నెకి తగిలితే మోత వేరు. బందరు పక్కనే చిలకలపూడి. గిల్టు నగలకి ఆ ఊరు ఎంత పేరో ఆ జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు.

అమ్మమ్మ తాతయ్యని అడగలేదు. ఆయన చెప్పలేదు. అప్పుకి పోయాయా, ఇంకెక్కడికైనా పోయాయా, ఈనాటికీ మాకు తెలియదు. అమ్మ చెప్పినదాంట్లో నన్ను ఆపేసింది మరొకటి. ఆ తర్వాత అమ్మమ్మ అసలు గాజుల్ని బ్రష్షుతో గట్టిగా తోమేదట, గిల్టువాటిని మాత్రం తాతయ్య పాత పంచె ముక్కతో అద్దేదట. రుద్దితే పూత పోయి అంచుల్లో రాగి ఎర్రగా బయటపడుతుంది కదా. నలుగురి కంటా పడకూడదు. పాతికేళ్లకు పైగా, దొంగ గాజులకి అసలు గాజుల కంటే ఎక్కువ జాగ్రత్త. ఆమె కాపాడింది ఎవరి పరువుని? తాతయ్యదా, తనదా, పెళ్లి కావలసిన కూతురిదా? అమ్మని అడిగితే "ఏమో" అంది.

ఇది చెప్పాక నా అధ్యాయంలో నగలని "సంకెళ్లు" అని రాసిన వాక్యాలు నాకే పలచగా అనిపించాయి. సంకెలని ఎవరూ అంత జాగ్రత్తగా అద్దరు. అలాగని స్త్రీధనాన్ని కీర్తించమనడం లేదు. ఆ గాజుల మీద అమ్మమ్మకి ఉన్నది పనిచేసే హక్కూ, తెలుసుకునే హక్కూ. అడిగే హక్కు లేదు.

మన సాహిత్యంలో అడిగిన స్త్రీ ఒకామె ఉంది, మధురవాణి. "కన్యాశుల్కం"లో పెళ్లికూతురి మెడలో పెట్టడానికి రామప్పంతులు ఆమె కంటె పట్టుకెళతాడు. అది తిరిగిరాకపోతే ఆమె ఊరుకోదు, కంటె తెచ్చాకే గుమ్మం ఎక్కమంటుంది. నాటకంలో ఎంత నవ్వొచ్చినా ఆస్తి తగువులో ఆమెది తిరుగులేని వాదన. నా వస్తువు, నీ చేతికిచ్చాను, పట్టుకురా. ఆ మాట అనగలిగినది వేశ్య కావడం మనం ఆలోచించవలసిన విషయం. సంసారిగా ఉన్న మా అమ్మమ్మకి ఆ భాష లేదు. ప్రేమ్‌చంద్ "గబన్" (1931)లో జాల్పాకి చంద్రహారం మీద చిన్నప్పటినుంచీ ఆశ. ఆమె ఎదుగుదలని ఆ ఆశ వదులుకోవడంతో కొలుస్తాడు రచయిత. భర్త అబద్ధాల బరువు కూడా ఆమె మోజు ఖాతాలోనే పడుతుంది. గొప్ప నవలే, కానీ ఈ లెక్క నాకు మింగుడుపడదు.

అమ్మమ్మకి లేని ఆ భాషని కోర్టు ఆలస్యంగా మాట్లాడింది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం భర్త చేతికొచ్చినా భార్య సొంత ఆస్తేననీ, దాన్ని కాజేస్తే అది నేరపూరిత నమ్మకద్రోహమనీ చెప్పింది. 2024లో కేరళనుంచి వచ్చిన ఒక కేసులోనూ, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగిచ్చే బాధ్యత ఆయనదేనని చెప్పింది. అయితే కోర్టుకి జాబితా కావాలి, రసీదులు కావాలి, ఫొటోలు కావాలి. గిన్నెకి తగిలిన మోత సాక్ష్యం కాదు.

ఇంటికొచ్చి నగలకి మెరుగు పెడతామని చెప్పి, బంగారాన్ని కరిగించే ద్రావకంలో ముంచి, తరుగంతా పట్టుకుపోయే మోసాల వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. ఆ వార్తల్లో ఆడవాళ్ల అమాయకత్వం మీద ఒక చురక తప్పదు. మా తాతయ్య చేసినదానికి మాత్రం వార్త లేదు, చురకా లేదు.

పి. సత్యవతి "ఇల్లలకగానే" కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ గృహిణి తన పేరు మరిచిపోతుంది. ఇంటిచాకిరీ గురించి మనం రాసుకున్న విమర్శకి చాలావరకు ఆ కథే పునాది, నాక్కూడా. కానీ అన్ని తోమడాలూ ఒకటి కావేమో. ఇల్లలికితే పేరు పోయింది. గాజులు తోమితే అమ్మమ్మకి ఇంకొకరు దాచిన నిజం దొరికింది. దొరికిన నిజాన్ని ఏం చేసుకోవాలన్నది వేరే కష్టం.

ఇంకో మాట రాయకుండా తప్పించుకోలేను. మా ఇంట్లో అంట్లూ బట్టలూ తోమేది వేరే ఆమె. నగలు తోమే రోజు మాత్రం ఆమెకి ఆ గది తలుపు మూసి ఉంటుంది. ఒక ఏడాది అమ్మ దుద్దు శీల కనబడలేదు. "నువ్వేమైనా చూశావా?" అని అమ్మ ఆమెని అడిగిన తీరు నాకు గుర్తుంది. నేను పక్కనే ఉన్నాను, ఏమీ అనలేదు. మర్నాడు తులసికోట మొదట్లో పోసిన కుంకుడు పిప్పిలో దొరికింది. దొరికిందని చెప్పింది అమ్మ. క్షమించమనలేదు. ఆమె "అట్టాగా అమ్మా" అని చీపురు తీసుకుంది. చేతులతో తెలుసుకునే జ్ఞానం గురించి ఇంత రాస్తున్న నేను, ఆ చేతులకి ఏం తెలుసో ఎన్నడూ అడగలేదు.

ఇప్పుడు దుకాణాల్లో అమ్మే హాల్‌మార్కు నగల మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తు ఉంటుంది. 2021 నుంచి వచ్చిన పద్ధతి. పాత నగలకి ఆ గుర్తు లేదు. అందుకని అమ్మ ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టింది. తోమడం అయ్యాక వంటింటి చిన్న కాటా మీద ఒక్కొక్కటీ తూచి గ్రాముల్లో రాస్తుంది, పక్కనే ఎవరు పెట్టారో. పోయినసారి ఆమె చెబుతుంటే నేను రాశాను. చివర్న ఒక గులాబీ కాగితం విప్పింది. రెండు గాజులు, పూతంతా పోయి నల్లగా. వాటిని నీళ్లలో వెయ్యలేదు. "ఇవి కూడా రాయనా?" అన్నాను. రాయమంది. "గాజులు 2, అమ్మవి" అని రాసి, బరువు ఎంత అన్నాను. కాటా మీద పెట్టలేదు. ఆ గడి ఖాళీగా వదిలెయ్యమంది.