పాళ్ల లెక్క

మైలుతుత్తము, సున్నము, నీరు అను మూడింటితో సిద్ధమగు బోర్డో మిశ్రమమును మా నిమ్మతోట కొరకు ఏటేటా స్వయముగా కలుపుచుందును. కలిపిన ప్రతిసారియు, ఆ మూడింటిలో వెల లేనిదైన నీరే మందు గుణమును నిర్ణయించుచున్నదని నాకు దృఢముగా తోచును. కిలో తుత్తమును, కిలో సున్నమును 100 లీటర్ల నీట కలిపినచో, ఆకులపై గజ్జితెగులును అరికట్టు 1 శాతము ద్రావణమగును. వాటినే 10 లీటర్లలో కలిపినచో, బంకతెగులు సోకిన మొదలునందు చెడిన బెరడును చెక్కివేసిన పిమ్మట పూయదగిన చిక్కని ముద్దయగును. ద్రవ్యములు మారలేదు, వాటి తూకములును మారలేదు. నీరు పదవ వంతునకు తగ్గినంతనే ఆకుమందు బెరడుమందైనది.

ఈ మిశ్రమము పుట్టినది ఫ్రాన్సు దేశమున. బోర్డో చెంతనున్న మెడాక్ ప్రాంతపు రైతులు, దారినపోవువారు ద్రాక్షపండ్లు కోసికొనకుండుటకై, బాటవెంట తీగలపై తుత్తమును సున్నమును కలిపి చల్లెడివారు. బూజుతెగులు వలన తక్కిన తీగలు ఆకు రాల్చినను ఇవి మాత్రము పచ్చగా నిలిచియుండుటను పియేర్ మిల్లార్డె అను వృక్షశాస్త్రజ్ఞుడు 1882లో గమనించెను. 1885లో ఆయన ప్రకటించిన పాళ్లు మిక్కిలి ఘాటైనవి: 100 లీటర్ల నీట 8 కిలోల తుత్తము, వేరుగా 30 లీటర్ల నీట 15 కిలోల సున్నము. మొత్తము నీటిపై లెక్కించినచో తుత్తము నూటికి ఆరు పాళ్లు మించును. నేడు మనము ఒక పాలుతోనే పని నెరవేర్చుకొనుచున్నాము. ఎంత తక్కువతో తెగులు ఆగునో వెదకి తెలిసికొనుటయే ఈ విద్యయందలి అభివృద్ధి యని నేను నమ్ముదును.

కలుపు విధానమందును అట్టి జాగ్రత్తయే కావలెను. తుత్తమును 50 లీటర్లలోను, సున్నమును 50 లీటర్లలోను ప్లాస్టిక్ తొట్లయందు వేరువేరుగా కరగించి, సున్నపునీటిని గుడ్డతో వడగట్టి, దానిలోనికి తుత్తపునీటిని కఱ్ఱతో కలియబెట్టుచు మెల్లగా పోయవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. ద్రావణమందలి రాగి ఇనుమును పట్టుకొనును. ఆ స్వభావమే మనకు పరీక్షగా నుపకరించును: ఆకాశనీలవర్ణమున నున్న మిశ్రమములో మెఱయు ఇనుపకత్తిని కాసేపు ముంచి తీసినపుడు అలుగుపై ఎఱ్ఱని రాగిపూత కనబడినచో సున్నము చాలలేదని అర్థము. మరికొంత సున్నపునీరు పోసి, ఆ పూత పట్టనంతవరకు సరిచూడవలెను. లేనిచో లేత ఆకు మాడిపోవును. కలిపినదంతయు ఆనాడే పిచికారీ చేయవలెను.

పదహారు లీటర్ల పిచికారీ డబ్బాకు మాత్రమే కావలసియున్నపుడు 160 గ్రాముల తుత్తము, 160 గ్రాముల సున్నము చాలును. లీటరునకు 10 గ్రాములను లెక్క మనసున నిలిచినచో ఏ డబ్బాకైనను తడుముకొన పనిలేదు. పిడికెడనియు, మూతెడనియు ఉజ్జాయింపుగా వేయుట మన తోటలలో అలవాటు. తక్కువైనచో తెగులు ఆగదు, కూలి ఖర్చు వృథాయగును; ఎక్కువైనచో ఆకు మాడుటయే గాక, మట్టిలో కుళ్లి నశించు గుణము లేని రాగి ఏటికేడు పేరుకొనును. అందుచేత పిచికారీ డబ్బా కొన్న ప్రతి రైతును దానితోపాటు చిన్న త్రాసును, గీతలున్న కొలపాత్రను కొనవలెనని నా విన్నపము. బడిలో శాతములు నేర్చుచున్న పిల్లలచేత ఆ లెక్క కట్టించినచో వారి చదువునకును, తోటకును మేలు కలుగును.